తెగిన తీగలో కరెంటు ఆగాలని 1956లోనే రాసిపెట్టారు

ఈసారి పోస్టు మిర్చి రేట్ల గురించి కాదు, గులాబీ పురుగు గురించీ కాదు. మన నెత్తి మీద వేలాడే తీగల గురించి. కొంచెం పొడుగుంటది, మోటారు తిరిగేటప్పుడు గట్టు మీద కూర్చుని తీరిగ్గా చదవండి.

పోయిన వారం బ్రాడీపేట పోయాను. మా చిన్నోడు అక్కడ రూము తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాడు, బియ్యం, పచ్చళ్లు ఇచ్చి వద్దామని. గుంటూరు తిరిగినోళ్లకు తెలుసు, బ్రాడీపేటలో వీధిని వీధి అనరు, లైను అంటారు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే 4/14 అని రాస్తే చాలు, ఉత్తరం ఇంటికొస్తది. మనకు లైను అంటే వేరే గదా! అక్కడ వాడి రూము కిటికీ తీస్తే కరెంటు తీగలు చెయ్యి చాపితే అందేటట్టున్నాయి. ఇంటాయన ప్లాస్టిక్ పైపును నిలువునా చీల్చి తీగలకు తొడిగాడు. ఇంటి కరెంటు తీగకూ గోడకూ పక్కవాటుగా 1.2 మీటర్లు, అంటే నాలుగు అడుగులు ఎడం ఉండాలని నిబంధన. అక్కడ రెండడుగులు కూడా లేదు. వాడు కిటికీ ఊచకు తడి తువ్వాలు ఆరేస్తుంటే నేను కేకలేశాను. వాడు నవ్వి, "నాన్నా, మన కల్లం దగ్గర పదకొండు వేల లైను కింద ట్రాక్టరు పెట్టి టిక్కీలు ఎత్తిస్తావు. ఇక్కడికొచ్చి భయపడతన్నావేంది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ రాత.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను. మూడేళ్ల కిందట ఏప్రిల్లో, మా పక్క చేనులో రాత్రి పూట పదకొండు వేల తీగ తెగి పడింది. నల్లరేగడి, నెర్రెలిచ్చి ఎముకలా ఎండిపోయి ఉంది. తెల్లారుజామున మోటారు వేద్దామని నేను పోతున్నా, నా ముందు మా బాబాయి గేదె పోతోంది. జుయ్ మని ఒక చప్పుడు. గేదె ముందు కాళ్లు ముడుచుకుని అక్కడే కూలిపోయింది. అది నా ముందు నడవకపోతే ఈ పోస్టు రాయటానికి నేనుండేవాణ్ణి కాదు. ఫోను చేస్తే అవతల ఆయన అన్నమాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "ఫీడరు బాగానే ఉందే, ట్రిప్ కాలేదే." ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే ట్రిప్ కాలేదు. తీగ తెగి నేల మీద పడితే కరెంటు ఎందుకు ఆగలేదు? ఇంటర్ ఎంపీసీ చదివినోణ్ణి, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతున్నా, తెలిసిన ఇంజనీర్లను అడుగుతున్నా.

కథ చాలా వెనక నుంచి మొదలవుతది. 1889 అక్టోబరు 11న అమెరికాలో న్యూయార్కు నడిబొడ్డున జాన్ ఫీక్స్ అనే లైన్‌మన్ టెలిగ్రాఫు స్తంభం ఎక్కాడు. ఆయన పట్టుకున్నది చిన్న కరెంటు తీగే. కానీ ఎక్కడో దూరంగా దాని మీద పెద్ద కరెంటు తీగ పడి ఉంది. మధ్యాహ్నం పూట, వేలమంది చూస్తుండగా ఆయన తీగల మధ్యనే కాలిపోయాడు. అంతకు ముందు ఏడాది మంచు తుపానుకు ఆ ఊరి తీగలు గుట్టలు గుట్టలుగా రోడ్ల మీద పడ్డాయి. తీగలు భూమిలో పెట్టాలని అప్పటికే చట్టం ఉంది, కంపెనీలు కోర్టుల్లో లాగుతూ వచ్చాయి. ఫీక్స్ చావు తర్వాత ఇక ఆగలేదు, స్తంభాలు నరికించారు. మరి పల్లెల్లో? పల్లెల్లో పైనే ఉంచారు. భూమిలో కేబులు వెయ్యాలంటే ఖర్చు ఎన్నో రెట్లు. ఆ లెక్క నూట ముప్పై ఏళ్లు దాటినా మారలేదు.

మన వైపు మొదటి పెద్ద లైను 1902లో వచ్చింది. మైసూరు సంస్థానం వాళ్లు కావేరి మీద శివసముద్రం దగ్గర కరెంటు పుట్టించి, సుమారు 92 మైళ్లు తీగలేసి కోలారు బంగారు గనులకు పంపారు. కోలారంటే సగం మనవాళ్లే, ఇంట్లో తెలుగు మాట్లాడే ఊళ్లే. అప్పట్లో ప్రపంచంలోకెల్లా పొడవైన లైన్లలో అదొకటి. అది ఎన్నో పల్లెల మీదుగా పోయింది, కానీ ఏ పల్లెలోనూ దీపం వెలిగించటానికి వేసింది కాదు. తీగ కింద ఉండేది ఒకళ్లు, వెలుగు ఇంకొకళ్లది. మొదటి రోజు నుంచీ అంతే.

తర్వాత గబగబా చెప్పేస్తాను. 1955లో ఒరిస్సా సరిహద్దులో మాచ్‌ఖండ్ మొదలై కోస్తాకు కరెంటిచ్చింది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు పెట్టారు. 1965, 66 కరువులు చూశాక, మోటారు లేకపోతే తిండి లేదని ఢిల్లీ వాళ్లకు అర్థమై 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టారు. దాని అప్పులతోటే దేశమంతా చేలల్లోకి లైన్లు వచ్చాయి. ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోండి. ఆ లైన్లు వేసినోళ్ల ముందున్న ప్రశ్న "ఎంత భద్రంగా" అని కాదు, "ఉన్న డబ్బుతో ఎన్ని ఊళ్లకు" అని. అందుకే తొడుగు లేని అల్యూమినియం తీగ, తక్కువ ఎత్తు సిమెంటు స్తంభం, స్తంభానికీ స్తంభానికీ ఎక్కువ దూరం. నేను తప్పు పట్టను. ఆ తీగ రాకపోతే మా నాన్న మోట తోలుతూనే ఉండేవాడు. కానీ యాభై ఏళ్ల కింద చవగ్గా వేసిన లైను కిందే మనం ఇప్పటికీ నడుస్తున్నామని తెలుసుకోవాలి.

ఒక తమాషా సంగతి. ఈ తీగలకు బ్రిటిషోళ్లు జంతువుల పేర్లు పెట్టారు. మధ్యలో ఉక్కు, చుట్టూ అల్యూమినియం ఉండే తీగల్లో సన్నదాని పేరు స్క్విరల్, అంటే ఉడత. తర్వాత వీజల్, అంటే ముంగిస లాంటి జంతువు. తర్వాత ర్యాబిట్, కుందేలు. పెద్ద టవర్ల మీద పోయేవి పాంథర్, జీబ్రా, మూస్. మన చేల మీద ఉండేవి చాలాకాలం ఈ ఉడతలు, వీజల్సే. ఉడత సంగతి మళ్లీ వస్తది, మర్చిపోవద్దు.

ఇక నిబంధనల పుస్తకం. 1956లో భారత విద్యుత్ నియమాలు వచ్చాయి. రోడ్డుకు అడ్డంగా పోయే పదకొండు వేల తీగ 6.1 మీటర్ల ఎత్తున, అంటే 20 అడుగులు ఉండాలి. చేలల్లో అయితే 4.6 మీటర్లు చాలు, అంటే 15 అడుగులు. ముప్పై మూడు వేలకు 5.2 మీటర్లు. ఆ పైన వోల్టేజీ పెరిగే కొద్దీ పెంచుకుంటూ పోతే 220 కేవీకి 7 మీటర్లు, 400 కేవీకి దాదాపు 8.8 మీటర్లు. 2010లో కొత్త పుస్తకం వచ్చినా చేలల్లో ఆ 15 అడుగులు అట్టాగే ఉంది.

మీరే చెప్పండి, 1956లో చేలో ఏముండేది? ఎద్దుల బండి. దాని మీద గడ్డి వేసి, పైన మనిషి కూర్చున్నా తీగ తగలదు. ఇప్పుడు ట్రాలీ బల్లే నేల నుంచి నాలుగడుగులు. దాని మీద పత్తి తొమ్మిది, పదడుగులు తొక్కించి పైన ఇద్దరు కూర్చుంటే ఎంతయింది? పదహారు పైనే. పైగా తైవాన్ పంపు పొడుగు ఇనప గొట్టం, బోరు మోటారు బయటికి లాగేటప్పుడు నిలబెట్టే ఇరవై అడుగుల పైపులు. బండి పోయి ట్రాక్టరు వచ్చింది, పుస్తకంలో అడుగులు మాత్రం బండికి సరిపోయినవే. ఇది నా సొంత అభిప్రాయం, ఇంజనీర్లు ఎవరన్నా ఉంటే దిద్దండి.

ఆ 15 అడుగులు కూడా ఉంటే నయమే. తీగ వేసవిలో జారుతుంది. ఎండకు వేడెక్కుద్ది, పగలు మోటార్లన్నీ ఒక్కసారి తిరిగితే లోపలి కరెంటుకీ వేడెక్కుద్ది, అల్యూమినియం సాగుద్ది. ఇక్కడే మనం మోసపోతాం, సాగింది కొంచెమే గదా అనుకుంటాం. వంద మీటర్ల దూరంలో ఉన్న రెండు స్తంభాల మధ్య తీగ ఒక మీటరు కిందికి వంగి ఉందనుకోండి. అది ఒట్టి ఐదు సెంటీమీటర్లు సాగితే కిందికి ఐదు కాదు, దాదాపు డెబ్బై సెంటీమీటర్లు దిగుతది. ఇంట్లో బట్టల తీగ బిగించి, ఒక కొస నుంచి రెండు వేళ్ల తీగ వదిలి చూడండి, మధ్యలో ఎంత దిగుతదో తెలుస్తుంది. పొద్దున ఆరింటికి చూసి "ఎత్తుగానే ఉందయ్యా" అని పోయినాయన మధ్యాహ్నం రెండింటికి రావాలి.

ఇప్పుడు అసలు విషయం. అదే 1956 నియమాల్లో 91వ నియమం ఉంది. జనం తిరిగే చోటా, వినియోగదారుడి స్థలంలోనూ పోయే తొడుగు లేని తీగ తెగితే, దాన్ని ప్రమాదం లేకుండా చేసే ఏర్పాటు ఆ లైనుకు ఉండాలి. అంటే తెగిన తీగలో కరెంటు ఆగిపోవాలి. మిగతా చోట్ల కూడా ఆ ఏర్పాటు పెట్టమని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు రాతపూర్వకంగా ఆదేశించొచ్చు. నేను పుట్టకముందే రాసిన మాట ఇది. మరి మా బాబాయి గేదె ఎందుకు చచ్చింది?

సబ్‌స్టేషన్లో ఉండే రిలే అనే పరికరానికి కళ్లు లేవు. తీగ తెగిందా లేదా అది చూడదు, కరెంటు ఎంత పోతోందో చూస్తది. తీగ తెగి స్తంభం ఎర్తుకో, తడి నేలకో తగిలితే కరెంటు ఎక్కువగా భూమిలోకి పారుద్ది, రిలే పసిగట్టి ఆపేస్తది. ఎండిన నేల మీద పడితే నేల కరెంటును పోనివ్వదు. అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లు 1970ల నుంచి దీని మీద పరీక్షలు చేస్తూ వచ్చారు. ఇంచుమించు మన పదకొండు వేల లాంటి లైనే, తీగను రకరకాల నేలల మీద పడేసి చూశారు. పొడి ఇసుక మీద పారిన కరెంటు దాదాపు సున్నా. తడి ఇసుక మీద 15 ఆంపియర్లు. తడి గడ్డి మీద 50. మోటార్లన్నీ తిరిగే ఫీడరులో మామూలుగానే వంద ఆంపియర్లు పోతుంటే, అందులో ఈ ఐదూ పదీ ఎవరికి కనపడతాయి? మనిషి ప్రాణానికి మాత్రం ఒక ఆంపియర్లో పదో వంతు చాలు. "ట్రిప్ కాలేదే" అన్నాయన మాటకు అర్థం తీగ బాగుందని కాదు, నేల పొడిగా ఉందని. మన రేగడి వేసవిలో ఎట్టా ఉంటదో మీకు చెప్పాలా?

ఇంకోటి. తెగిన తీగకు రెండు కొసలుంటాయి గదా. సబ్‌స్టేషన్ వైపు కొసలోనే కరెంటు ఉంటదని, రెండోది ఉత్తదని అనుకుంటాం. కాదు. మిగతా రెండు ఫేజుల కరెంటు అవతలి ట్రాన్స్‌ఫార్మర్ల చుట్ల గుండా తిరిగి ఆ కొసలోకి రావచ్చు. ఏ కొసా ఉత్తది కాదు.

2020 మే 14 గుర్తుందా? లాక్‌డౌన్ రోజులు. మన ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్లలో మిరపకాయల పనికి పోయి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభానికి గుద్దుకుంది. స్తంభం విరిగి తీగలు ట్రాలీ మీద పడ్డాయి. కనీసం తొమ్మిది మంది పోయారు, ఎక్కువ మంది ఆడవాళ్లే. ట్రాలీ ఇనుము, తీగ పడిన మరుక్షణం మొత్తం కరెంటే. డ్రైవరు తప్పని కొందరు, స్తంభం రోడ్డు పక్కనే ఉందని కొందరు వాదించుకున్నారు. ఎవరి తప్పయినా, స్తంభం విరిగితే తీగలో కరెంటు ఆగాలన్నది 64 ఏళ్ల కింద రాసిన మాట.

రెండేళ్లకు 2022 జూన్ 30న సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలీలతో పోతున్న ఆటో మీద తీగ తెగిపడి ఐదుగురు ఆడవాళ్లు కాలిపోయారు. ఉడత ఎక్కటం వల్ల తీగ తెగిందని అధికారులు చెప్పారు. రాష్ట్రమంతా నవ్వింది, ఏడ్చింది. నా వరకు నేను ఉడత మాట అబద్ధమనను. ఉడత ఇన్సులేటరు మీద ఎక్కి షార్టు చెయ్యటం ప్రపంచంలో అన్ని చోట్లా జరిగేదే. కానీ ఉడతకు తీగ తెగటం ఒక సంగతి, తెగిన తీగ మనుషుల్ని కాల్చేదాకా బతికి ఉండటం ఇంకో సంగతి. మొదటిది ఉడత మీదకు తొయ్యొచ్చు. రెండోది ఎవరి మీదకు తోస్తారు? అదే ఏడాది నవంబరు 2న అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో కూలీల ట్రాక్టరు మీద తీగ పడి మరో నలుగురు ఆడవాళ్లు పోయారు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. మధ్యప్రదేశ్‌లో 1997లో వాన రాత్రి ఫ్యాక్టరీ నుంచి సైకిలు మీద ఇంటికి పోతున్న ఒకాయన రోడ్డు మీద పడి ఉన్న తీగ తగిలి చనిపోయాడు. ఎవరో దొంగ కరెంటుకు వైరు లాగితే అది ఊడిపడింది, మా తప్పు కాదు అని బోర్డు వాదించింది. 2002 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. ప్రమాదకరమైనదాన్ని జనం మధ్యకు తెచ్చినవాడే, నిర్లక్ష్యం ఉన్నా లేకున్నా, దానివల్ల జరిగిన నష్టానికి బాధ్యుడు అని చెప్పింది. దీనికి మూలం 1868 నాటి ఇంగ్లండు తీర్పు. ఒకాయన కట్టుకున్న చెరువు నీళ్లు పక్కాయన గనిలోకి దూకిన కేసు. చెరువు కట్టిన మనకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. అట్టాగే ప్రమాదం జరిగితే 24 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలి. మనిషి పోయినా, పశువు పోయినా. మా గేదె విషయంలో మేం అది అడగలేదు, తెలియదు కాబట్టి. పెద్దమనుషులు కూర్చోబెట్టి ఎంతో కొంత ఇప్పించి పంపారు. కాగితం లేదు కాబట్టి ఆ తీగ ఎప్పుడూ తెగనట్టే లెక్క.

తీరు మార్చటానికి దారులు లేక కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది, తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో అక్కడ కరెంటు కేబుళ్లను భూమిలో వేశారు. 2021లో రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక పిట్ట తీగలకు కొట్టుకుని చస్తోందని సుప్రీంకోర్టు అక్కడి లైన్లను భూమిలో పెట్టమంది. అన్ని చోట్లా కుదరదని 2024లో సడలించింది. మన కర్నూలు వైపు రోళ్లపాడులో ఒకప్పుడు ఉన్న పిట్టే అది. పిట్ట బతకాలి, నాకేం అసూయ లేదు. చేలన్నిటికీ భూమిలో కేబుళ్లు వెయ్యమని నేనూ అడగను, కాదని తెలుసు. అడిగేవి చిన్నవి. దూరం ఎక్కువైన చోట మధ్యలో ఒక స్తంభం. దారికి అడ్డంగా పోయే చోట తీగ కింద ఎర్తు చేసిన గార్డు వైర్ల వల, తెగిన తీగ దాని మీద పడితే కరెంటు గట్టిగా పారి రిలేకు తెలుస్తది. పాత గార్డు వైర్లు తుప్పు పట్టి ఊడిపోయిన చోట మళ్లీ ఎవరూ కట్టట్లేదు. కల్లాల పక్కన, ఊరి దగ్గర తొడుగున్న కేబులు. భూమిలోకి పోయే కొద్దిపాటి కరెంటును కూడా పసిగట్టే రిలేలు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే పద్ధతి వచ్చాక మోటార్లు కాలటం తగ్గింది, నిజమే. కానీ దానివల్ల పదకొండు వేల తీగ ఒకప్పుడు ఊరి బయట ఆగిపోయేది, ఇప్పుడు మన బోరు దాకా వచ్చింది. గార్డులు మాత్రం దాని వెంట రాలేదు.

మన తప్పులూ ఉన్నాయి, దాచను. ఫ్యూజు పోతే లావు తీగ కట్టేది మనం. స్టే వైరుకు గేదెను కట్టేది మనం. కొండీలు తగిలించేదీ, పందులకని చేను చుట్టూ కరెంటు తీగ పెట్టేదీ మనమే. లైను కింద కల్లం చేసి, పట్టాలు గాలికి లేచి తీగల మీద పడితే కర్రతో లాగేది నేనే. ఇంకా లైన్‌మన్ల సంగతి. ఒక్కడికి ఎన్నో ఊళ్లు, ఎల్సీ ఇచ్చారో లేదో తెలియక స్తంభం మీదే పోయిన కుర్రాళ్లున్నారు. జనరేటరో, ఇన్వర్టరో ఇంటి లైనుకు తగిలిస్తే ఆ కరెంటు వెనక్కి పోయి చంపేది వాళ్లనే.

తీగ తెగి పడింది చూస్తే ముప్పై అడుగుల దూరంలోనే ఆగండి, పిల్లల్ని, పశువుల్ని ఆపండి, 1912కు ఫోను చెయ్యండి. కర్రతో కదిలించే పని పెట్టుకోవద్దు. ట్రాక్టరు మీద పడితే, మంట లేకపోతే, కరెంటు ఆగిందని చెప్పేదాకా దిగొద్దు.

చివరగా మా కల్లం మీద తీగ సంగతి. రెండేళ్లలో రెండు అర్జీలు పెట్టాను, "తీగలు కిందికి ఉన్నాయి, ప్రాణభయం" అని. చూస్తాం అన్నారు. బ్రాడీపేట నుంచి వచ్చాక కొలుద్దామనుకున్నా. కర్రతో, టేపుతో కొలిస్తే అదే చావు, ఎవరూ ఆ పని చెయ్యొద్దు. చిన్నోడి పాత జామెట్రీ బాక్సులో 45 డిగ్రీల మూలమట్టం ఉంది. దాని అడుగు అంచు నేలకు సమంగా ఉంచి, ఏటవాలు అంచు వెంట కంటితో చూస్తూ, తీగ కింద నుంచి అడ్డంగా వెనక్కి నడిచా. తీగ ఆ అంచుకు సరిగ్గా వచ్చిన చోట ఆగా. తీగ కింద నుంచి నా కాళ్ల దాకా దూరం, దానికి నేల నుంచి నా కంటి ఎత్తు కలిపితే తీగ ఎత్తు. పొద్దున ఆరింటికి 14 అడుగుల 3 అంగుళాలు. మధ్యాహ్నం రెండింటికి, మోటార్లన్నీ తిరుగుతుండగా, 13 అడుగుల 6 అంగుళాలు.

మూడో అర్జీలో ప్రాణభయం అని రాయలేదు. రెండు కొలతలు, తేదీ, టైము, ఉండాల్సింది 4.6 మీటర్లు అని రాసి, ఫోటో అంటించి, ఒక కాపీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు గారికని కింద రాసి, అందినట్టు సంతకం తీసుకున్నా. ఈ సోమవారం ఇద్దరు వచ్చి మధ్య స్తంభానికి గుర్తు పెట్టి పోయారు. గుంత ఇంకా తియ్యలేదు. అప్పటిదాకా టిక్కీలు లైను కింద ఎత్తించట్లా, రోడ్డు దాకా మోయిస్తున్నా, కూలి ఎక్కువైనా సరే. వాగు పక్క ఇంకో స్పాను ఉంది, దాని కింద నుంచే కూలీల ఆటోలు పోతాయి. రేపు మధ్యాహ్నం రెండింటికి మూలమట్టం తీసుకుని అక్కడికి పోతున్నా, చుట్టుపక్కల చేల వాళ్లు రాగలిగితే రండి.